మేకులను సహితము పేరుపేరున

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 4:29–33, నిర్గమకాండము 38:25–28, గలతీయులకు 6:1



పరిశుద్ధ గ్రంథములో మనము త్వరత్వరగా దాటిపోవు భాగములు కొన్ని కలవు. సంఖ్యాకాండము నాలుగవ అధ్యాయము అట్టిది. పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు – ఈ పట్టిక చూడగానే మన కన్ను పుట చివరకు జారిపోవును. ఆదివారపు బడి పిల్లలకు దీనిని కంఠవాక్యముగా నేర్పువారు లేరు. దీనిమీద ప్రసంగము వినినవారును అరుదు.

అయితే ఆ పట్టికలో ఒక చిన్న మాట యున్నది. ప్రత్యక్షపు గుడారమును విప్పి మోసికొనిపోవునప్పుడు, మెరారీ వంశస్థులు మోయవలసిన వస్తువులను పేరుపేరున లెక్కించి వారికి అప్పగింపవలెనని దేవుడు మోషేతో చెప్పెను. ఈ మాట మేకులు, త్రాళ్లు మోయువారి విషయములో చెప్పబడెను. ఆ పనికి ముప్పది ఏండ్లు మొదలు ఏబది ఏండ్ల వయస్సువరకు గల 3,200 మంది పురుషులు లెక్కింపబడిరి. వారిమీద యాజకుడైన అహరోను కుమారుడు ఈతామారు పైవిచారణకర్తగా ఉండెను.

మేకునకు ఇంత లెక్క యేల? గుడారము ఒక్కచోట నిలిచియుండునది కాదు. మేఘము లేచినప్పుడెల్ల దానిని విప్పవలెను, మేఘము నిలిచినచోట తిరిగి కూర్పవలెను. విప్పుట సులభము, తిరిగి కూర్చుట కష్టము. మందసము కనబడకపోయినయెడల అదే గడియలో పాళెమంతయు గగ్గోలు పడును. ఒక మేకు పోయినయెడల, గుడారము నిలువబెట్టు దినమువరకు ఎవరికిని తెలియదు. తెలిసినప్పుడు అరణ్యములో దానిని కొనుటకు అంగడి యుండదు.

ఈ సత్యమును నేటికిని కన్నులార చూడగోరువారు మన అనకాపల్లి ప్రాంతమును విడిచి దూరము పోనక్కరలేదు. చెరకు ఆడించు కాలము ముగిసిన తరువాత గానుగను విప్పి దాచు రైతు, దాని బోల్టులను పాత డబ్బాలో వేసి, కాస్త నూనె పోసి, అటకమీద పెట్టును. ఆ డబ్బా పోయినయెడల మరుసటి ఏట ఇనుప రోళ్లు ఎంత గట్టివైనను గానుగ తిరుగదు, బెల్లము మార్కెట్టుకు చేరదు. అయితే ఈ మాసము మనము ధ్యానించుటకు మరియొక యంత్రమును, అనగా పాత మోటారు కారును, తీసికొందము. ఒకప్పుడు అయిదవ నంబరు జాతీయ రహదారి యనబడి, ఇప్పుడు పదునారవ నంబరుగా పిలువబడుచున్న మన పెద్దరోడ్డు మీద అంబాసిడరు కార్లు ఎన్ని ఏండ్లు పరుగెత్తినవో పెద్దలందరికి తెలియును. ఇంగ్లండులోని మోరిస్‌ ఆక్స్‌ఫర్డు అను కారు నమూనాను తీసికొని, హిందూస్థాన్‌ మోటార్సు వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు దానిని తయారుచేసిరి. ఇప్పుడు క్రొత్తవి రావు. ఉన్నవాటిని ప్రేమతో విప్పి, తుప్పు గీకి, రంగు వేసి, తిరిగి కూర్చుకొనువారు కలరు. అట్లు చేయువారిని ఏది కష్టమని అడిగినయెడల, ఇంజనని చెప్పుదురని మనము తలంతుము. అనేకులు చెప్పునది, సరియైన నట్లు, బోల్టులు దొరకుటయే కష్టమని.

ఎందుచేతనో వినుడి. ఇందులో మన సంఘములకు నాలుగు పాఠములు కలవు.

మొదటి పాఠము: తల ఒకటి, మర ఒకటి

బోల్టు ఒంటి చుట్టు కోసిన గాడినే మర యందుము. చూపునకు అన్ని మరలును ఒకే రీతిగా కనబడును గాని అవి ఒకటి కావు. 1841లో ఇంగ్లండు దేశస్థుడైన జోసెఫ్‌ విట్‌వర్తు అను ఇంజనీరు మరలకు ఒక కొలత ఏర్పరచెను. ఆయన గాడి కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు అను నతడు 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. ఐరోపా ఖండములో మిల్లీమీటర్ల మర వేరుగా బయలుదేరెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఒక దేశపు బోల్టు మరియొక మిత్రదేశపు యంత్రమునకు పట్టక మిక్కిలి చిక్కులు కలిగెను. అందుచేత 1948లో బ్రిటను, అమెరికా, కెనడా దేశములు కూడి ఒక ఉమ్మడి అంగుళపు మరకు ఒడంబడిక చేసికొనెను.

మన దేశములో ఈ మూడును కలిసిపోయినవి. పాతకాలపు బ్రిటిషు కారు విట్‌వర్తు కొలతలతో వచ్చెను. తరువాతి కారు ఉమ్మడి మరతో వచ్చెను. బొంబాయిలో ప్రీమియర్‌ కంపెనీ చేసిన ఫియట్‌ కారు మిల్లీమీటర్లతో వచ్చెను. ఇప్పుడు ఇనుప సామానుల దుకాణములో సులభముగా దొరకునదియు మిల్లీమీటర్ల బోల్టే. అరువది ఏండ్లలో పది చేతులు మారిన కారులో, ఏ మెకానిక్కు ఏ చీకటి రాత్రి దొరికిన బోల్టును ఎక్కడ దూర్చెనో ఎవరు చెప్పగలరు?

ఇంతకన్న వింత యొకటి కలదు. మోరిస్‌ కంపెనీవారి పాత ఇంజనులలో అనేకమునకు మర మిల్లీమీటర్లది, బోల్టు తల మాత్రము విట్‌వర్తు కొలతది. కారణమేమనగా, ఆ ఇంజనులు మొదట హాచ్‌కిస్‌ అను ఫ్రెంచి ఆయుధముల కంపెనీ ఇంగ్లండులోని కొవెంట్రీలో పెట్టిన కర్మాగారములో తయారయ్యెను. అక్కడి యంత్రములు ఫ్రెంచి కొలతలవి. 1923లో మోరిస్‌ ఆ కర్మాగారమును కొనినను యంత్రములు మారలేదు. బ్రిటిషు మెకానిక్కుల పానాలు పట్టుటకై తలలు మాత్రము బ్రిటిషు కొలతకు చేసిరి. కాబట్టి పానా చక్కగా పట్టినదని సంతోషించి, తలనుబట్టి మరను నిర్ణయించు వాడు మోసపోవును.

ప్రియులారా, తలనుబట్టి మరను నిర్ణయించుట మన సంఘములలో లేదా? తెల్లని పంచె, గట్టి కంఠము, నాలుగు ఎకరముల భూమి చూచి పెద్దగా ఏర్పరచుకొందుము. లోపలి మర ఆయన ఇంటివారికి తెలియును, కూలివారికి తెలియును. ఇందుకు ప్రతిగా, చినిగిన చీరతో వెనుక చాపమీద కూర్చుండు సహోదరి లోపలి మర దేవుని వాక్యమునకు చుట్టు చుట్టునకు సరిపడి యుండవచ్చును. యెష్షయి కుమారులలో పెద్దవాని ఎత్తు చూచి సమూయేలంతటి ప్రవక్తయే తొందరపడెను. దేవుడు గొఱ్ఱెల యొద్దనున్న కడపటివానిని పిలిపించెను.

రెండవ పాఠము: మొదటి చుట్లు వ్రేళ్లతోనే

మరలలోని భేదము ఎంత స్వల్పమో చూడుడి. అర అంగుళపు విట్‌వర్తు బోల్టునకు అంగుళమునకు 12 చుట్లు. అదే మందముగల ఉమ్మడి ముతక మరకు 13 చుట్లు. అంగుళములో పదునారింట అయిదు వంతుల బోల్టు 7.94 మిల్లీమీటర్ల మందము. దాని ప్రక్కన 8 మిల్లీమీటర్ల బోల్టు పెట్టిన కంటికి భేదము తెలియదు. వేరొక మరగల నట్టు సహితము మొదటి రెండు మూడు చుట్లు ఎక్కును. తరువాత పట్టుకొనును.

ఇక్కడనే పనివాని బుద్ధి తెలియును. తెలియనివాడు పానా తగిలించి, బలము చూపి బిగించును. నట్టు కదలుచున్నది గనుక పని జరుగుచున్నదని అనుకొనును. నిజముగా జరుగుచున్నదేమనగా, మర కోసికొనిపోవుచున్నది. బోల్టు పాడగును, దానికన్న ముఖ్యముగా ఇంజనులోని రంధ్రము పాడగును. బోల్టు పోయిన మరియొకటి తేవచ్చును, ఇంజను దిమ్మ నెక్కడ తెత్తుము? తెలిసినవాడు మొదటి చుట్లు వ్రేళ్లతోనే త్రిప్పును. వ్రేళ్లకు లొంగనియెడల వెనుకకు త్రిప్పి తీసివేయును. మర గేజి యను రంపపు పళ్లవంటి చిన్న రేకును బోల్టు గాడిలో ఆనించి, వెలుతురు కెదురుగా పట్టి చూచును. సందు కనబడక పళ్లు సరిగా కూర్చున్నప్పుడే ఇది ఫలాని మర యని చెప్పును.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు అనిరి. సంఘములో ఒకరిని ఒక పనికి నియమించునప్పుడు, మొదట వ్రేళ్లతో త్రిప్పి చూడవలెను. చదువు రానివానిని లెక్కల పుస్తకమునకును, కోపిష్ఠిని వివాదములు తీర్చుటకును, పాడలేనివానిని పాటల నాయకత్వమునకును పెట్టి, అతడు పట్టుకొనిపోయినప్పుడు ఇంకను బిగించుచుందుము. ఆ మనుష్యుడు నలుగును, సంఘము చినుగును. అతడు చెడ్డవాడు కాడు, అతని చోటు వేరు. దావీదుమీద సౌలు తన యుద్ధవస్త్రములు వేసినప్పుడు, దావీదు వాటితో నాలుగడుగులు నడువ ప్రయత్నించి తీసివేసెను. అవి మంచి ఆయుధములే, తన కొలతవి మాత్రము కావు. ఏటి ఒడ్డు రాళ్లు అయిదు ఆయనకు చాలెను.

మూడవ పాఠము: మెత్తని ఇత్తడికిని చోటు కలదు

బోల్టులన్నిటి బలము ఒకటి కాదు. మిల్లీమీటర్ల బోల్టు తలమీద 8.8 అనియు 10.9 అనియు అంకెలుండును. అంకె పెరిగిన కొలది బలము పెరుగును. అమెరికా పద్ధతి అంగుళపు బోల్టు తలమీద మూడు గీతలు, లేక ఆరు గీతలు ఉండును. ఆరు గీతలది ఎక్కువ గట్టిది. ఏ గుర్తును లేని బోల్టును స్టీరింగులోను, బ్రేకులలోను వేయరాదు. మిలమిల మెరయు స్టెయిన్‌లెస్‌ బోల్టు తుప్పు పట్టదు, చూపున కింపుగా నుండును. కాని దుకాణములో సాధారణముగా దొరకు స్టెయిన్‌లెస్‌ బోల్టు 8.8 గుర్తుగల నల్లని బోల్టంత బరువు ఓర్వదు. మెరుపు చూచి దానిని చక్రముల యొద్ద బిగించువాడు తన ప్రాణమును, దారిన పోవువారి ప్రాణమును పణముగా పెట్టుచున్నాడు.

అట్లని మెత్తనిది పనికిరాదని తలంపకుడి. ఇంజను నుండి పొగ బయటికిపోవు గొట్టమును పట్టియుంచు నట్లు తరచుగా ఇత్తడివి. ఇత్తడి ఉక్కుకన్న మెత్తనిదే. అయినను ఆ వేడిమిలో ఉక్కు నట్టు తుప్పుతో బోల్టును కరచుకొనిపోవును. ఇత్తడి నట్టు అట్లు కరచుకొనదు, ఎన్ని ఏండ్లకైనను విప్పుటకు వచ్చును. వేడిమి అధికమైనచోట మెత్తదనమే మేలు. మన సంఘపు కూటములలో మాటలు వేడెక్కినప్పుడు, ఒక మృదువైన మాటతో ఎవరిని కరచుకొనక నిలుచువారు ఎంత అవసరమో మన మెరుగుదుము.

మరియు స్టీరింగునకు చక్రములను కలుపు కడ్డీకి ఒక కొన కుడి మర, మరియొక కొన ఎడమ మర యుండును. ఎడమ మర తప్పుగా కోసినది కాదు. రెండు కొనలు ఎదురెదురు మరలవి గనుకనే, నడుమ కడ్డీని త్రిప్పినప్పుడు దాని పొడవు సరిచేయ వీలగును, చక్రములు తిన్నగా నడచును. అందరితో కలిసి ఒకే వైపు తిరుగని సహోదరుని చూచి విసుగుకొనకుడి. దేవుడు అతనిని మీ ఎదుటి కొనలో కావలెననియే పెట్టియుండును.

ఇక అన్నిటికన్న చిన్నదాని మాట. స్టీరింగు కీళ్లలో, కోటగోడ బురుజులవలె పైన గాళ్లు కోసిన నట్టు ఉండును. దానిని బిగించి, ఆ గాడిగుండ బోల్టులోని రంధ్రములోనికి ఒక సన్నని తీగవంటి చీలిక పిన్నును దూర్చి కొనలు వంచుదురు. వెల చూచినయెడల లెక్కకు రానిది. రోడ్డు అదురుటవలన నట్టు సడలిపోకుండ అదియే ఆపును. పాతదానిని తిన్నగా సాగదీసి మరల వాడరాదు, క్రొత్తది వేయవలెను. రాత్రి మూడవ జామున లేచి తన సంఘముకొరకును, ఊరు విడిచి విశాఖపట్టణమునకో హైదరాబాదునకో పనికి పోయిన బిడ్డలకొరకును ప్రార్థించు వృద్ధురాలు ఎవరి పట్టికలోను లేదు. ఆమె ప్రార్థనయు నిన్నటిది నేటికి చాలదు గనుక ప్రతి రాత్రి క్రొత్తదే. ఎన్ని కుటుంబములు సడలిపోకుండ ఆమె ఆపినదో పరలోకమున తెలియును.

నాలుగవ పాఠము: తుప్పు పట్టినదానికి తొందర పనికిరాదు

పాత కారు విప్పునప్పుడు కొన్ని నట్లు రావు. సుత్తి తీసికొని కొట్టినయెడల తల తెగి, ఒళ్లు లోపల నిలిచిపోవును. అప్పుడు ఒక గంట పని మూడు దినముల పని యగును. అనుభవశాలి మొదట కిరసనాయిలో, అందుకై తయారైన నూనెయో పోసి, రాత్రియంతయు నానబెట్టును. ఉదయమున కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు కదలించును. రానియెడల మరల నూనె పోయును. కొన్నిసార్లు వేడి తగిలించును. వచ్చినదానిని పారవేయక, గాడి శుభ్రముచేసి, మర బాగుగా నున్నదేమో చూచి, అది వచ్చిన చోటి పేరు వ్రాసి డబ్బాలో పెట్టును. కొందరు అట్టముక్కమీద ఆ భాగము బొమ్మ గీసి, ఏ రంధ్రపు బోల్టును ఆ రంధ్రపు చోటనే గ్రుచ్చి యుంచుదురు. ఒకే వరుసలో పొడవుది ఒకటి, పొట్టిది ఒకటి ఉండవచ్చును గదా.

తప్పిదములో చిక్కుకొనినవానిని సాత్వికమైన మనస్సుతో మంచి దారికి తేవలెనని పౌలు గలతీయులకు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట, యాకోబు యోహానులు దోనెలో తమ వలలు బాగుచేసికొనుచుండిరని మత్తయి వ్రాసినచోట నున్న మాటయే. చినిగిన వలను మత్స్యకారుడు తిట్టడు, కొట్టడు. ఒడిలో వేసికొని ముడి ముడిగా కట్టును.

మన గ్రామ సంఘములలో గత పదేండ్లలో ఎన్ని కుటుంబములు వెళ్లిపోయినవో ఒకసారి వ్రేళ్లమీద లెక్కింపుడి. ఒకరు స్థలపు తగవులో వెళ్లిరి. ఒకరు పెద్దల ఎన్నికలో అవమానపడి వెళ్లిరి. ఒకరు పెండ్లి విషయములో వెలివేయబడిరి. మరికొందరు, చెప్పుటకు సిగ్గైనను చెప్పవలెను, ఒకే ప్రభువు బల్లయొద్ద తమ పేటవారికి వేరు వరుస యుండుట చూచి తలవంచుకొని వెళ్లిరి. వారు పోయినను ఆరాధన జరుగుచునేయున్నది గదా యని మనము అనుకొందుము. నాలుగు బోల్టులుండవలసినచోట మూడు ఉన్నను కారు కొంతదూరము నడచును. కాని నాలుగవదాని బరువు మిగిలిన మూటిమీద పడును. ఒకటి తెగిన తరువాత మిగిలినవి త్వరగా తెగును.

ఈ సందర్భమున నిర్గమకాండములోని ఒక లెక్కను జ్ఞాపకము చేసికొందము. గుడారమునకు వెండి ఎక్కడనుండి వచ్చెను? లెక్కింపబడిన 6,03,550 మంది పురుషులు తలకు అరతులము చొప్పున ఇచ్చిరి. ధనవంతుడు ఎక్కువ ఇయ్యరాదు, బీదవాడు తక్కువ ఇయ్యరాదని నియమము. ఆ వెండి నూరు మణుగుల 1,775 తులములాయెను. నూరు మణుగులతో నూరు దిమ్మలు పోతపోసిరి. గుడారపు పలకలును అడ్డతెర స్తంభములును వాటిమీద నిలిచెను. మిగిలిన 1,775 తులములతో ఏమి చేసిరి? స్తంభముల వంకులు చేసిరి, బోదెలకు రేకు పొదిగించిరి, పెండెబద్దలు చేసిరి. అనగా తెరలను పట్టియుంచు వంకు సహితము ధనవంతుని అరతులమును బీదవాని అరతులమును కలిపి కరగించినదే. కరగిన తరువాత ఏది ఎవరిదో వేరుచేసి చూపుట ఎవరి తరము? దేవుని మందిరము నిలుచుటకు ఆధారమైన వెండిలో హెచ్చుతగ్గులు లేనప్పుడు, ఆ మందిరములో కూర్చుండు చాపలో హెచ్చుతగ్గు లెక్కడివి?

కాబట్టి మనము చేయవలసినది

కారు కూర్చువాడు ఇంజను తలను బిగించునప్పుడు ఒక నట్టును ఒకేసారి పూర్తిగా బిగించి రెండవదానికి పోడు. నడుమనుండి మొదలుపెట్టి, వెలుపలికి పోవుచు, అన్నిటిని కొంచెము బిగించును. మరల నడుమనుండి అన్నిటిని ఇంకొంచెము. మూడవసారి పూర్తిగా. ఒక ప్రక్కనే బిగించినయెడల తల వంకరపోయి, సందునుండి నీరు, పొగ చిమ్మును. సంఘ క్రమశిక్షణయు ఇట్లే జరుగవలెను. నడుమ నుండువారితో, అనగా కాపరితోను పెద్దలతోను మొదలై, అందరికి సమానముగా, కొంచెము కొంచెముగా జరుగవలెను. పేదవానిమీద ఒకేసారి పూర్తిగా బిగించి, పెద్దల నట్లు వదులుగా విడిచినయెడల ఎక్కడనో చిమ్మక తప్పదు.

ఈ మాసములో ప్రతి సంఘము ఒక కాగితము తీసికొని, ఈతామారు చేసినట్లు పేరుపేరున వ్రాయవలెనని వేడుకొనుచున్నాము. గుడి ఊడ్చువారి పేరు, దీపము చూచువారి పేరు, రోగుల యొద్దకు పోవువారి పేరు వ్రాయుడి. తరువాత వెళ్లిపోయినవారి పేర్లు వ్రాయుడి. వారి గడపకు ఇద్దరు చొప్పున వెళ్లుడి. వాదించుటకు కాదు, నూనె పోయుటకు వెళ్లుడి. మొదటి సాయంకాలమే రాకపోయినయెడల సుత్తి నెత్తకుడి. మరల వెళ్లుడి. వచ్చినప్పుడు వారి చోటు వారికి విడిచియుంచుడి. ఆ చోట వేరొకరిని దూర్చి బిగించియున్నయెడల, దానిని సరిచేయుట మన పని, వారి పని కాదు.

ప్రార్థన: మేకులను సహితము పేరుపేరున లెక్కింపజేసిన తండ్రీ, మా సంఘములలో మేము లెక్కింపక విడిచినవారిని మాకు జ్ఞాపకము చేయుము. తలను చూచి నిర్ణయించు మా కన్నులను బాగుచేయుము. బలవంతముగా బిగించిన చేతులను ఆపుము. తుప్పుపట్టినవారి యొద్ద కనిపెట్టు ఓర్పు దయచేయుము. మమ్మును ఎక్కడ నిలువబెట్టగోరితివో అక్కడ, అది ఎంత మరుగైన చోటైనను, సడలక నిలుచు కృప ననుగ్రహించుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్‌.